మన గూడేలకు వెలుగు వచ్చిన కథ, ఎర్తు తీగ రాని కథ

ప్రతి సంవత్సరం మన మండల సమాఖ్య నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు ఉంటాయి. ఈసారి పాలకవర్గం మీటింగులో, ఇళ్ళ మీద సోలార్ ప్లేట్లకు లోన్లు ఇస్తున్నాం కదా, దాని వెనక చరిత్ర కూడా రాసి పెట్టండి అన్నారు. మేం ఇంజనీర్లం కాదు. కానీ కరెంటు మా ఊళ్ళకు ఎట్లా వచ్చిందో చూసినవాళ్ళం. పోయిన ఏడాది మే నెలలో ఒక్క పిడుగుతో మా సభ్యురాలి ఇంట్లో ఏం జరిగిందో కూడా చూసినవాళ్ళం. ఆ రెండు సంగతులూ ఒకటేనని మాకు ఆలస్యంగా అర్థమయింది.

మన ఉమ్మడి ఖమ్మం జిల్లా కరెంటుకు పుట్టినిల్లు. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషన్ 1960లలోనే మొదలైంది. సింగరేణి బొగ్గు పక్కనే, కిన్నెరసాని నీళ్ళు పక్కనే. ఆ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టు 5న మందు పెట్టి కూల్చేశారు. ఫోన్లలో ఆ వీడియో చూసి మా పెద్దవాళ్ళు చాలాసేపు మాట్లాడలేదు, ఎంత దూరం నుంచైనా అవే గుర్తు కదా. అటు చింతూరు అడవిలో మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు జల విద్యుత్ కేంద్రం 1970లలో వచ్చింది, 460 మెగావాట్లు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసేదాకా అది కూడా మన జిల్లాదే. ఇప్పుడు మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ స్టేషన్ 1080 మెగావాట్లు. సింగరేణి వాళ్ళు నేల మీద పెట్టిన సోలార్ ప్లాంట్లు మణుగూరులో 30 మెగావాట్లు, ఇల్లందులో 39 మెగావాట్లు.

ఇన్ని పుట్టినా అడవి అంచున ఉన్న గూడేల్లో చాలా ఏళ్ళు కిరసనాయిలు బుడ్డే దిక్కు. పెద్ద లైన్లు మా నెత్తి మీదుగానే పోయేవి. ఆ టవర్ల కింద నుంచి ఇప్పపువ్వుకు, తునికాకుకు పోయినవాళ్ళం. ఒక సంగతి అప్పుడు తెలియదు, ఈమధ్యనే లైన్‌మన్ అన్న చెప్పిండు. టవర్ల మీద అన్నిటికంటే పైన సన్నగా ఒక తీగ పోతది చూడండి, అందులో కరెంటు పంపరు. పిడుగు పడితే అది పట్టుకొని టవరు కాళ్ళ నుంచి భూమిలోకి దించాలి, దాని పని అంతే. అంటే పట్నాలకు పోయే కరెంటుకు పిడుగు కాపలా మొదటి రోజు నుంచీ ఉంది.

మా గూడేనికి వచ్చిన కరెంటుకు ఆ కాపలా రాలేదు. 1988-89లో కుటీర జ్యోతి అని కేంద్ర పథకం వచ్చింది, బీద ఇళ్ళకు ఒక్క బల్బు కనెక్షన్. స్తంభం మీద నుంచి రెండు తీగలు, ఒక హోల్డరు, ఒక బల్బు, అంతే. తర్వాత 2005లో రాజీవ్ గాంధీ గ్రామీణ విద్యుదీకరణ, 2017లో సౌభాగ్య. అడవి మధ్యలో ఉన్న గూడేలకు ఫారెస్టు వాళ్ళ అనుమతి పెద్ద అడ్డం. 2006 అటవీ హక్కుల చట్టంలో దానికి ఒక దారి ఉంది. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు లైను, సోలార్ లాంటి పనులకు ఒక్కొక్కదానికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వొచ్చు. గ్రామసభలో చెయ్యెత్తింది ఎక్కువ మా ఆడవాళ్ళమే.

2000 తర్వాత మన సంఘాలను నడిపించిన ప్రాజెక్టు పేరే వెలుగు. మా అమ్మలు అప్పటి సభ్యులు. వెలుగు మీటింగు బుడ్డి దీపం ముందర జరిగేదని, మినిట్స్ పుస్తకం మీద నూనె మరకలు పడేవని ఇప్పటికీ నవ్వుకుంటారు. ఆ పుస్తకాలు మా బీరువాలో ఉన్నాయి, మరకలు నిజమే.

కరెంటు వచ్చాక టీవీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, మోటరు వచ్చింది. వాటి ప్లగ్గులకు మూడు పుల్లలు ఉంటాయి. పైన ఉండే లావు పుల్ల ఎర్తుది. మా ఇళ్ళల్లో బోర్డుకు ఆ మూడో రంధ్రం ఉన్నా వెనక తీగ ఉండదు. కొన్ని ఇళ్ళల్లో ఆ పుల్ల అడ్డం వస్తుందని విరిచేసిన వాళ్ళు కూడా ఉన్నారు, అందులో మేమూ ఉన్నాం. లైటు వెలిగితే పని అయిపోయినట్టే లెక్క. ఏ పథకంలోనైనా లైటు వెలిగిందా అని చూసి ఫోటో తీసుకొని పోయినవాళ్ళే గానీ, ఎర్తు గుంత ఎక్కడ తవ్వారు అని అడిగినవాళ్ళు లేరు. మేం కూడా అడగలేదు.

పిడుగంటే మాకు తెలియనిది కాదు. ఉరుము మొదలైతే మా అమ్మమ్మలు అర్జునుడి పేర్లు తలుచుకునేవాళ్ళు, పార గడ్డపార వాకిట్లోకి విసిరేవాళ్ళు. ఇంట్లో ఇనుము వద్దు అనే భయం దాని వెనక ఉంది. తునికాకు కోత సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో ఉంటుంది, ఎండ మండి సాయంత్రానికి ఒక్కసారిగా మబ్బు పట్టే రోజులవి. వాన వస్తే చెట్టు కిందికి పరిగెత్తడం అలవాటు, ప్రాణాలు పోయేది అక్కడే. మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరులో పత్తి చేన్లల్లో అదే భయం. ప్రభుత్వ నేర రికార్డుల లెక్క ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద పిడుగులతో 2,887 మంది చనిపోయారు. పక్కన ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని అక్కడి విపత్తుల సంస్థ చెప్పింది. ఒక్క రోజులో!

ఇక సోలార్ సంగతి. మొదట్లో వచ్చినవి చిన్న లాంతర్లు, వీధి చివర సోలార్ స్తంభాలు. రెండు మూడేళ్ళకు బ్యాటరీ పోయేది, మార్చేవాళ్ళు ఉండరు, స్తంభానికి బర్రెలను కట్టేసేవాళ్ళం. సోలార్ అంటే నవ్వులాటగా ఉండేది. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చినప్పుడు లోతట్టు ఊళ్ళకు కరెంటు లేదు, ఫోన్లు చార్జింగు లేవు. మన ఇంటి మీదే కరెంటు పుడితే ఎంత బాగుండు అని అప్పుడు అందరం అనుకున్నాం. తర్వాత 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చింది. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు, అంతకు మించితే 78 వేలు సబ్సిడీ. కిలోవాటుకు స్లాబు మీద సుమారు వంద చదరపు అడుగుల జాగా, రోజుకు సుమారు 4 యూనిట్లు. అదే సమయంలో రాష్ట్రంలో గృహజ్యోతి మొదలై 200 యూనిట్ల లోపు వాడేవాళ్ళకు జీరో బిల్లు వస్తోంది. జీరో బిల్లు వచ్చేవాళ్ళకు సోలార్ ఎందుకక్కా అని మీటింగుల్లో అడుగుతారు. ఆ ప్రశ్న సరైనదే. కుట్టు మిషన్లు, పిండి గిర్నీ, ఫ్రిజ్ పెట్టి కూల్‌డ్రింకులు అమ్మే కొట్టు ఉన్నవాళ్ళకే మేం లోను రాస్తున్నాం. వాన గాలికి కరెంటు పోయినప్పుడు ఈ ప్లేట్లు కూడా ఆగిపోతాయని ముందే చెబుతున్నాం. లైనుకు కలిపిన ఇన్వర్టరు, లైను చనిపోతే తను కూడా ఆగుతుంది, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాకు కొడుతుంది. బ్యాటరీ ఉంటేనే రాత్రికి దీపం. వరదలో మేం కోరుకున్నది ఇది కాదు, ఆ సంగతి చాలామందికి ప్లేట్లు ఎక్కాకే తెలిసింది.

2025 మే 18న నాగర్‌కర్నూల్ జిల్లా మాచారంలో ఇందిర సౌర గిరి జల వికాసం మొదలైంది. పోడు పట్టాలున్న గిరిజన రైతులు 2 లక్షల 10 వేల మందికి, 6 లక్షల ఎకరాలకు సోలార్ మోటర్లు ఇవ్వాలని 12,600 కోట్లతో లెక్క వేశారు. పోడు పట్టాలు మన భద్రాద్రి జిల్లాలో చాలా ఎక్కువ. మహిళా సంఘాలతో 1000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలనే ఆలోచన కూడా నడుస్తోంది. అంటే రేపు మన ఇంటి మీదే కాదు, చేను గట్టు మీద, అడవి అంచున, తాటిచెట్ల మధ్యన ఇనుప కాళ్ళ మీద ప్లేట్లు నిలబడతాయి. అందుకే ఈ పిడుగు సంగతి ఇంత పొడుగ్గా రాస్తున్నాం.

పోయిన ఏడాది మే నెలలో ఒక సాయంత్రం మా ఊళ్ళో, సభ్యురాలి ఇంటికి వంద అడుగుల అవతల ఉన్న తాటిచెట్టు మీద పిడుగు పడ్డది. చెట్టు తల మండింది. ఆమె ఇంటి మీద పడలేదు. అయినా ఇన్వర్టరు నల్లగా మాడిపోయింది, టీవీ పోయింది, ఫ్రిజ్ పోయింది. పై ప్లేట్లకు ఏమీ కాలేదు, ఒక్క అద్దం కూడా పగల్లేదు. మనిషికి ఏమీ కానందుకు అందరం దండం పెట్టుకున్నాం. ప్లేట్లు లేని పక్కింటి వాళ్ళ టీవీ కూడా పోయింది.

తెల్లారి నుంచి ఊరంతా ఒకటే మాట, ప్లేట్లు పిడుగును పిలిచాయి అని. ఇద్దరు సభ్యులు, మా ఇంటి మీదివి దించేయండి అని వచ్చారు. తొమ్మిది నెలల కిస్తులు కట్టిన ఆమె, "నా తప్పేముంది వదినా, తేలేదాకా కిస్తు కట్టను" అంది. ఆమె కట్టకపోతే గ్రూపు మొత్తం డిఫాల్టు కింద పడుతుంది, అందరి లోన్లు ఆగుతాయి. ఆ మీటింగు రాత్రి తొమ్మిది దాటింది. బిగించిన వాళ్ళకు ఫోను చేస్తే, వారంటీ కాగితం వెనక చూసుకోండమ్మా అన్నారు. చూస్తే పిడుగు నష్టానికి బాధ్యత లేదని చిన్న అక్షరాల్లో ఉంది. పని సక్రమంగా పూర్తయింది అనే కాగితం మీద ఆమె సంతకం ఉంది, సాక్షి సంతకం మాది.

ఎర్తు గుంత తవ్వి చూద్దామని కరెంటు పని తెలిసిన మా సభ్యురాలి కొడుకును పిలిచాం. ప్లేట్ల కాళ్ళ నుంచి వచ్చిన పచ్చ తీగ గోడ వెంట బాగానే దిగింది. పైన ప్లాస్టిక్ మూత కూడా ఉంది. మూత తీసి చెయ్యి పెడితే తీగ కొస చేతిలోకి వచ్చింది. కింద కడ్డీ లేదు, ఉప్పు లేదు, బొగ్గు లేదు. ఇసుకలో గుచ్చి పెట్టారు. అక్కడ నిలబడ్డ ఎవ్వరికీ మాట రాలేదు. మేం ఆ మూత పక్కన నిలబడి ఫోటో దిగినవాళ్ళమే.

అప్పటి నుంచి తెలిసినవాళ్ళను అడిగి మేం నేర్చుకున్నది ఇక్కడ పెడుతున్నాం.

ప్లేట్లు పిడుగును పిలవవు. పిడుగు ఎత్తును చూస్తుంది, తాటిచెట్టు, సెల్ టవరు, గుడి గోపురం. ఒక్క అంతస్తు స్లాబు మీద ప్లేట్లు పెట్టినందుకు కొత్తగా వచ్చే ప్రమాదం తక్కువే. కానీ పిడుగులో సగటున 30 వేల ఆంపియర్ల కరెంటు పోతుంది, మన ఇంటి సాకెట్లో పోయేది అయిదో పదిహేనో. అంత కరెంటు దగ్గర్లో దిగినప్పుడు చుట్టుపక్కల ఉన్న పొడుగు తీగల్లో ముట్టుకోకుండానే వోల్టేజీ పుడుతుంది. ప్లస్ తీగను స్లాబుకు ఒకవైపు నుంచి, మైనస్ తీగను ఇంకోవైపు నుంచి తెస్తే మధ్యలో పెద్ద చుట్టు తయారవుతుంది, చుట్టు ఎంత పెద్దదైతే దెబ్బ అంత పెద్దది. రెండు తీగలూ జంటగా, పక్కపక్కనే దింపాలి. ఇది ఒక దారి. రెండో దారి స్తంభం నుంచి వచ్చే లైను. పక్కింటి టీవీ పోయింది ఆ దారినే. ప్లేట్లు లేనివాళ్ళకు ఒకటే దారి, ఉన్నవాళ్ళకు రెండు. ఊళ్ళోవాళ్ళ మాటలో నిజం అంతవరకే.

ఆ రెండు దారుల్లోనూ కాపలా పెట్టే చిన్న పెట్టెలు ఉంటాయి, సర్జ్ ప్రొటెక్టర్ అంటారు. ప్లేట్ల వైపు ఒకటి, లైను వైపు ఒకటి. దానికి చిన్న కిటికీ ఉంటుంది, పచ్చగా ఉంటే పని చేస్తున్నట్టు, ఎర్రగా మారితే మార్చాలి. మా సభ్యురాలి పెట్టెలో అది ఉంది, కొత్తది కూడా. కానీ అది దెబ్బను పట్టుకొని ఎక్కడికి పంపాలి? ఇసుకలోకి. భూమి అందకపోతే ఆ పెట్టె ఉన్నా లేనట్టే.

ఎర్తు గుంతలు మూడు ఉండాలి అని పని తెలిసినవాళ్ళు చెబుతారు. పిడుగు కడ్డీకి ఒకటి, ప్లేట్ల ఫ్రేముకు ఒకటి, ఇన్వర్టరు బయటి వైపుకు ఒకటి. గుంత మంచిదా కాదా అనేది కళ్ళతో చూస్తే తెలియదు, మీటరు పెట్టి కొలవాలి, 5 ఓములకు మించకూడదు. ఇంకో చిన్న సంగతి. ప్లేటు అల్యూమినియం ఫ్రేము మీద కంటికి కనపడని పూత ఉంటుంది, కరెంటును పోనివ్వదు. ఎర్తు తీగను మామూలు బోల్టుతో బిగిస్తే పైపైన అంటుకుంటుంది అంతే. పళ్ళున్న వాషరు వేస్తే పూతను గీరి లోపలి లోహాన్ని పట్టుకుంటుంది. పది రూపాయల వాషరుకు ఆశపడి లక్ష రూపాయల సామాను పోగొట్టుకోవడం మన దగ్గరే చూశాం.

పిడుగు కడ్డీ కొత్త విద్య ఏమీ కాదు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1750లలోనే పిడుగు కూడా కరెంటేనని, మొన తేలిన కడ్డీ పెట్టి తీగతో భూమిలోకి దించొచ్చని చెప్పాడు. గుడి కలశం పిడుగును పట్టుకుంటుందని మన పెద్దలంటారు. పట్టుకుంటే పట్టుకోవచ్చు, కింది దాకా తీగ లేకపోతే గోపురం పగులుతుంది. అన్ని ఏర్పాట్లూ ఉన్న పెద్ద చోట్ల కూడా పిడుగు గెలిచే రోజులున్నాయి. 2024 జూన్ చివర్లో భద్రాద్రి థర్మల్ స్టేషన్‌లో పిడుగు పడి మొదటి యూనిట్ ట్రాన్స్‌ఫార్మరు మంటలంటుకుంది, 270 మెగావాట్ల యూనిట్ ఆగిపోయింది. కాబట్టి ఎర్తు పెడితే ఏమీ కాదని మేం ఎవరికీ మాట ఇవ్వడం లేదు. ఉరుములు దూరంగా వినబడగానే లైను వైపు, ప్లేట్ల వైపు స్విచ్చులు రెండూ దించి, టీవీ ప్లగ్గు పీకేయండి. పిడుగులు మీద పడుతున్నప్పుడు మాత్రం ఇన్వర్టరు దగ్గరికి పోవద్దు, ప్లేట్లు తుడవడానికి స్లాబు ఎక్కొద్దు. స్విచ్చు దించినా పగలు వెలుతురు ఉన్నంతసేపు ప్లేట్ల తీగల్లో కరెంటు ఉంటుంది. దామిని అనే యాప్ పుణె వాతావరణ సంస్థ వాళ్ళు చేసింది, మన చుట్టూ పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. వీఓఏలందరి ఫోన్లలో వేయించాం.

కిస్తు గొడవ ఇట్లా తేలింది. సాక్షి సంతకం మాది కాబట్టి కొత్త ఇన్వర్టరుకు గ్రామైక్య సంఘం నిధి నుంచి వడ్డీ లేకుండా ఇచ్చాం. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు, వాళ్ళ అభ్యంతరం మినిట్స్‌లో రాశాం. పాత కిస్తు ఆమె ఆపలేదు. సోలార్ లోను దరఖాస్తు వెనక ఇప్పుడు ఒక కాగితం కుడుతున్నాం. గుంత తవ్వేటప్పటి ఫోటో, కడ్డీ దించేటప్పటి ఫోటో, మీటరు అంకె కనిపించే ఫోటో. మూత వేశాక తీసిన ఫోటోలు చెల్లవు.

ఈ ఏడాది ఏప్రిల్ చివర్లో మీటరు అద్దెకు తెచ్చి, ప్లేట్లున్న ఇళ్ళన్నీ తిరిగాం. వానాకాలం తర్వాత బాగా చూపించిన గుంతలు కూడా ఎండలకు చెడిపోయాయి. నేల ఎండితే కరెంటును పట్టదు. నేల బాగా ఎండేది, పిడుగులు ఎక్కువ పడేది ఒకటే నెలల్లో. ఒక ఇంట్లో రెండు బకెట్ల నీళ్ళు పోసి కాసేపు ఆగి కొలిస్తే అంకె సగానికి పడిపోయింది. ఆ ఇంటి ముసలమ్మ, "తులసి చెట్టుకు పోసినట్టు దీనికీ పోయాలన్నమాట" అని రోజూ ఒక చెంబు పోస్తోంది. చెంబు సరిపోదు పెద్దమ్మా, వారానికి రెండు బకెట్లు అని చెప్పి వచ్చాం.

ఆ మే నెల పిడుగు చూసిన సభ్యురాలి ఇంటికి కొత్త గుంతలు రెండు అయిపోయాయి. మూడోది తవ్వుతుంటే రెండడుగుల్లో బండ తగిలింది. ఇంటి వెనక, గేదెల కొట్టం దాటి, మెత్తటి నేల ఉన్న చోటికి తీగ లాగాలి. దానికి పట్టీ కొనాలి, కూలీ కావాలి. మిరప కోతలు అయిపోయాక చూద్దామని అంది, ఇప్పుడు తునికాకుకు పోతోంది. ఈ నివేదిక అచ్చుకు ఇచ్చే రోజుకు ఆ గుంత ఇంకా కాలేదు.